మాన్యంలో మార్సలీ

మార్సలీ పోయి ఈ ఓట్స్ పంట కోతలకి ఏడాది నిండుతుంది. ఆమె సంగతి రాసిపెట్టమని మా సంఘంలో ఎవరూ నన్ను అడగలేదు. అయినా కొందరి మేలు తలుచుకోకుండా రొట్టె విరిస్తే ముద్ద గొంతు దిగదు. అందుకని రాస్తున్నాను.

ఆమె గొప్ప మనిషేమీ కాదు. స్కాట్లండ్ పడమటి తీరాన కిల్‌వోరన్‌లో సముద్రపాయ ఒడ్డున రాళ్ళ గోడల ఇల్లు, ఒక ఆవు, బంగాళాదుంపలు వేసుకునే ఓ చిన్న కౌలు నేల చెక్క. అంతే ఆమె లోకం. ఆ చెక్క కూడా దేవుడిచ్చింది కాదు, ఆమె వీపు ఇచ్చింది. రాతి మీద మట్టి పోసి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచుని బుట్టతో మోసి, ఏటికేడాదీ ఆ నేలని తనే పుట్టించుకుంది. భర్త యూవన్ హెర్రింగ్ చేపల వేటకి పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. అత్త పేగీ అవ్వ మిగిలింది. అవ్వకి చూపు పోయింది, కాళ్ళు పోయాయి, నోరు మాత్రం నిండుగా ఉంది.

మార్సలీ పొయ్యిలో కాల్చే పీట్ మట్టి పెళ్ళలు కోసుకుని కొండ మీంచి దిగుతుంటే, దారిలో కుంటి కాలమ్ గుమ్మం ముందు రెండు పెళ్ళలు జారిపడేవి. ఆయన పిలిచి చెప్పినా వెనక్కి తిరిగేది కాదు. "బుట్టకి చిల్లుంది మామా, ఏం చెయ్యను" అనేది. ఆ బుట్ట చిల్లు ఏ ఏడూ పూడలేదు.

మా ఊళ్ళో గుడి కట్టింది మా తాతలు. కానీ ఆ గుడిలో వాక్యం ఎవరు చెప్పాలో తేల్చే హక్కు ఊరి భూమంతా సొంతమైన దొరగారిది. దొర లండన్‌లో ఉంటాడు. మా గేలిక్ మాట ఒక్కటి రాదు. ఆయన పంపినవాణ్ణి మేము కాపరి అనుకోవాలి. ఇది ఒక్క మా ఊరి బాధ కాదు, స్కాట్లండ్ అంతటా ఇదే గొడవ. పద్దెనిమిది వందల నలభై మూడులో ఎడింబరో మహాసభలో వందలమంది పాదిరులు లేచి, ఇళ్ళూ జీతాలూ వదిలి బయటికి నడిచారు. కాపరిని సంఘమే పిలుచుకోవాలి తప్ప దొర నియమించకూడదన్నారు. ఆ కబురు కొండలు దాటి మా దాకా వచ్చేసరికి, ఒక ఆదివారం మేమూ లేచి గుడి బయటికి వచ్చేశాం.

మా ముసలి పాదిరి లాక్లన్ గారు రాలేదు. బల్ల ముందు ఒంటరిగా నిలబడిపోయారు. మాలో చాలామందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ చేతులే. "రొట్టె కోసం ఉండిపోయాడు" అన్నారు మావాళ్ళు. ఆ రోజునుంచీ దారిలో ఎదురైతే టోపీ తియ్యడం మానేశారు. ఆయన మాత్రం తన టోపీ తీస్తూనే ఉన్నారు.

మాకు తూర్పు పట్టణం నుంచి ఫర్కర్ గారనే పడుచు బోధకుడు వచ్చాడు. మంచివాడు, నిప్పులాంటి మనిషి. కానీ నిలబడి వాక్యం చెప్పడానికి దొర చోటివ్వలేదు. కొండ వాలు ఇవ్వలేదు, బీడు ఇవ్వలేదు, ఇసుక గుంట కూడా ఇవ్వలేదు. "నా భూమి మీద కొత్త సంఘం ప్రార్థన చేస్తే ఆ స్థలం కౌలుదారు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే" అని దివాను టల్లక్ చేత చాటింపు వేయించాడు. ఇక మాకు మిగిలింది సముద్రం వదిలిన చోటు. ఆటుకీ పోటుకీ నడుమ ఇసుక దొరది కాదు, రాణీగారిదని చట్టం తెలిసిన వాడెవడో చెప్పాడు. ఆ ఇసుక మీద నిలబడి మేము కీర్తనలు పాడుకున్నాం. పోటు మొదలైతే ప్రసంగం ముగిసేది. మా బోధకుడి చేత అంత పొట్టిగా వాక్యం చెప్పించగలిగింది చంద్రుడు ఒక్కడే.

మరుసటి ఏడాది, అంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనానికి ఫర్కర్ గారు ఆదివారం నిర్ణయించారు. ఎండుగడ్డి పని అయిపోయి, ఓట్స్ ఇంకా కోతకి రాని రోజులు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం రావడానికి అనువైన సమయమని ఆయన లెక్క. అది సగం చంద్రుడి ఆదివారం. మా తీరంలో సగం చంద్రుడంటే సరిగ్గా నడి మధ్యాహ్నం పోటు. పసిపిల్లకి కూడా తెలుసు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. "సముద్రం కోసం ప్రభువు బల్లని జరపమంటే విశ్వాసం లేదంటారేమో" అని ఒకరు, "నాకంటే పెద్దలున్నారు, వాళ్ళే చెబుతారు" అని మరొకరు. పెద్దలేమో "ఎర్ర సముద్రాన్ని పాయ చేసినవాడికి మన పాయ ఒక లెక్కా" అనుకుని కూర్చున్నారు. ఊరు ఊరంతా విశ్వాసం చూపించుకుంటూ ఊరుకుంది.

సగం చంద్రుడి పోటు మామూలుగా చిన్నదే. ఒడ్డున నిలబడేంత చోటు వదులుతుంది. ఆ ఆదివారం మాత్రం తెల్లవారుజామునే నైరుతి గాలి లేచి నీళ్ళని తోసుకొచ్చింది. పొడుగు పలకలతో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మొదటి కీర్తన ఎత్తాం. పాట ఎత్తేవాడు నియల్, మార్సలీ మరిది. అతను ఒక చరణం పాడితే మేమంతా దాన్ని అందుకోవాలి. మూడో చరణానికి నీళ్ళు బల్ల కాళ్ళని తాకాయి. జనం వెనక్కి జరిగారు. వెనక ఏముంది? దొర గడ్డి. గడ్డి గట్టు మీద దివాను బంట్రోతు కూర్చుని పైపు కాల్చుకుంటూ మా పాదాలకేసే చూస్తున్నాడు.

అప్పుడే మార్సలీ వరసలోంచి బయటికొచ్చింది. ఆమె బంగాళాదుంప చెక్క అక్కడే, ఇసుకని ఆనుకునే ఉంది. అడ్డం ఒక రాళ్ళ గట్టు. ఆమె పైరాయి తీసి పక్కన పెట్టింది. తర్వాత ఇంకోటి.

నియల్ పాట ఆపేశాడు. "వదినా! ఏం చేస్తున్నావు?"

"కనబడట్లేదా? వాకిలి తీస్తున్నా."

"ఆ బంట్రోతు చూస్తున్నాడు. ఇల్లు పోతుంది!"

"ప్రభువు బల్ల తడుస్తుంటే నా పొయ్యి పొడిగా ఉండి ఎవరికి లాభం? కబుర్లాపి ఆ చివర పట్టుకో. గుడ్డ తడిసిపోతోంది."

"కొంచెం ఆలోచించు వదినా. ముసల్ది ఉంది ఇంట్లో."

ఇంటి గుమ్మంలోంచి పేగీ అవ్వ గొంతు ఖంగుమంది. "ముసల్దానికి చెవులున్నాయిరా నియలూ! నన్ను అడ్డం పెట్టుకుని భయపడకు, నీ సొంత భయం నువ్వు పడు!"

నవ్వకూడని చోట జనం నవ్వారు. బల్లని ఎత్తి లోపలికి తెచ్చారు. అన్ని ఊళ్ళ జనం ఆ చిన్న చెక్కలోకి ఒదిగారు. నేను ఇప్పటికీ మర్చిపోలేనిది ఒకటుంది. అందరూ పాదు పాదుకీ నడుమ చాళ్ళల్లో, ఒకరి వెనక ఒకరు, శాలువలు దగ్గరికి లాక్కుని నిలబడ్డారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. భోజనం ముగిసి అంతా వెళ్ళాక చూస్తే ఒక్క దుంప మొక్క కూడా తొక్కుడు పడలేదు. అంత జనం వచ్చి వెళ్ళినట్టు తెలియజెప్పింది తీసిన గట్టు రాళ్ళు మాత్రమే. సాయంత్రానికి వాటినీ ఎవరో తిరిగి పేర్చారు.

తర్వాతి వారమే దివాను స్వయంగా వచ్చాడు. టల్లక్ అరిచే మనిషి కాదు, మెల్లగా మాట్లాడతాడు. అదే ఎక్కువ భయం.

"చూడు మార్సలీ, వచ్చే మే నెలలో కౌలు గడువు. నిన్ను వెళ్ళగొట్టాలని నాకేం సరదా లేదు. ఒక్క పని చెయ్యి. ఆలోగా ఒక్క ఆదివారం గుడికి రా. బెంచీ మీద కూర్చో. వాక్యం వినకపోయినా పర్లేదు, నిద్రపో. పాదిరిగారు 'చూశాను' అంటే చాలు, నేను దొరగారికి రాసేస్తాను."

"రాకపోతే?"

"ఇల్లు విప్పించాలి. నీకు ఎవరూ చూరు ఇవ్వకూడదు, నిప్పు ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళ ఇల్లూ అంతే. అది నా మాట కాదు, దొరగారిది."

ఆ చలికాలమంతా మార్సలీ ఆ మాటని నడుముకి కట్టుకు తిరిగింది. ఆవుకి గడ్డి వేస్తున్నా అదే, అవ్వకి ఓట్స్ జావ తాగిస్తున్నా అదే. తన ఒక్కదాని సంగతైతే ఇంత ఆలోచన లేదు. కాళ్ళు లేని ముసలిదాన్ని గాలిలో ఎక్కడ కూర్చోబెట్టాలి? ఫర్కర్ గారిని అడిగింది. "అమ్మా, పోగొట్టుకోవడానికి నాకు ఇల్లు లేదు. నిలబడమని నేను తేలిగ్గా అనేస్తాను. అందుకే అనలేకపోతున్నా" అన్నాడు. ఆ నిజాయితీకి ఆమె ఆయన్ని చివరిదాకా గౌరవించింది.

వసంతం మొదట్లో ఒక ఉదయం ఆమె ఒడ్డునుంచి నాచు మోస్తోంది. వదలాల్సిన నేలకి ఎరువెందుకని మేమంటే, "నేల ఏం పాపం చేసింది" అనేది. అప్పుడే లాక్లన్ పాదిరిగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. టోపీ తీశారు. మార్సలీ తల వంచింది గానీ పలకలేదు. ఆయనతో మాట్లాడకూడదని సంఘం పెద్దల మాట.

"ఆ బుట్ట ఒక కొస నాకివ్వు."

"మీ నల్లకోటు పాడైపోతుందయ్యా."

"హమ్మయ్య, మాట్లాడావు. కోటు ఎప్పుడో పాడైంది. ఉతికే దిక్కేదీ?"

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చెక్కలోకి నడిచారు. ఆయన ఆయాసం తీర్చుకుని అన్నారు. "టల్లక్ నా దగ్గరికొచ్చాడు. నువ్వు గుడికి వస్తే 'చూశాను' అని చెప్పమన్నాడు."

"మీరేమన్నారు?"

"వస్తే చూస్తాగా అన్నాను. ఇప్పుడు నీకు చెప్పేది విను మార్సలీ. రాకు."

ఆమె బుట్ట వదిలేసింది.

"ఇంటి భయంతో నువ్వు ఆ బెంచీ మీద కూర్చుంటే నేను తలెత్తి వాక్యం చెప్పలేను. నా గుడి ఖాళీగా ఉంది, నిజమే. అలాంటి మనుషులతో మాత్రం నింపుకోను. నీకు నేను బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఊరదిరేలా ఏడ్చావు. ఆ గొంతు అలాగే ఉండనీ."

"మరి మీరెందుకు ఉండిపోయారయ్యా అందులో?" మనసులో రెండేళ్ళుగా ఉన్న ప్రశ్న బయటపడిపోయింది.

ఆయన సముద్రం వైపు చూశారు. "నువ్వు లేచి రావడానికి ఎంత ప్రార్థన చేశావో నేను ఉండటానికీ అంత చేశాను. మనిద్దరిలో ఒకరికి తప్పు జవాబు వినబడి ఉండాలి. ఎవరికో నాకింకా తెలియలేదమ్మా." అని కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. చూరు ఇస్తానని గానీ, సాయం చేస్తానని గానీ ఒక్క మాట అనలేదు.

మే నెల వచ్చింది. మార్సలీ గుడికి వెళ్ళలేదు.

గడువు రోజు పొద్దున్నే దివాను మనుషులు వచ్చారు. మొదట పేగీ అవ్వని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి బయట పెట్టారు. "మెల్లగా ఎత్తండ్రా, నేను గొర్రెని కాను, మనుషుల్ని తోలి గొర్రెల్ని మేపే దొరకి పనికిరాను" అంది అవ్వ. కప్పు గడ్డి లాగేశారు, దూలాలు దించారు. తర్వాత బంట్రోతు లోపలికెళ్ళి, అక్కడున్న పాల గిన్నె తీసి పొయ్యి మీద బోర్లించాడు. మా సీమలో పొయ్యి ఆరనివ్వరు. రాత్రి బూడిద కప్పి ప్రార్థన చెప్పుకుంటారు, తెల్లారి అదే నిప్పుని లేపుతారు. యూవన్ నాయనమ్మ పెళ్ళికూతురిగా వచ్చిననాటి నిప్పు అది. పాలు చుయ్యిమన్న శబ్దం బయటికి వినబడింది. అంతవరకూ రాయిలా నిలబడ్డ మార్సలీ అప్పుడు గోడకి ఆనుకుంది.

ఊరంతా అక్కడే ఉంది. ఎవరికీ చూరు ఇచ్చే దారి లేదు. ఇస్తే వాళ్ళ పిల్లలూ ఇలాగే బయట. కానీ మనుషులు ఊరికే నిలబడలేరు కదా! కుంటి కాలమ్ ఉన్ని దుప్పటి తెచ్చాడు. "దుప్పటి చూరు కాదుగా దివాన్‌గారూ?" అన్నాడు. ఇంకొకామె వేడి వేడి బార్లీ చారు తెచ్చింది. "చారు నిప్పు కాదు కదండీ?" అంది. గాలి సముద్రం మీంచి కొడుతుంటే ఆడవాళ్ళు వచ్చి అవ్వ కుర్చీ చుట్టూ దగ్గర దగ్గరగా, భుజం భుజం తగిలేలా నిలబడ్డారు. నేనూ ఆ వరసలో ఉన్నాను. "నిలబడ్డం ఇల్లు కట్టడం కాదుగా?" అని ఎవరో అన్నారు. కానీ అందరికీ తెలుసు, చీకటి పడితే మేమంతా ఇళ్ళకి పోవాలి. అవ్వ ఆ గాలికి తెల్లారేదాకా నిలవదు.

మధ్యాహ్నం తిరిగాక పాదిరి ఇంటి వైపునుంచి పొగ నడుచుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక తెలిసింది, లాక్లన్ గారు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఇనప కుండ. కుండ నిండా కణకణలాడే పీట్ నిప్పులు. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది.

"మార్సలీ, నా మాన్యంలో గొర్రెల కొట్టం ఖాళీగా ఉంది. కప్పు బాగానే ఉంది, కొంచెం కంపు కొడుతుంది. ఇదిగో నిప్పు. పద, కుండ బరువుగా ఉంది."

దివాను ముందుకొచ్చాడు. "పాదిరిగారూ, దొరగారి ఆజ్ఞ మీకు తెలియదా?"

"తెలుసు. దొరగారి భూమికి. మాన్యం గుడిది. నేను బతికున్నంతవరకూ ఆ గడ్డి నాది, ఆ గొర్రెల కంపూ నాదే."

"మీరు మా పక్షమనుకున్నాం."

"ఈమె నా చేతుల్లో తడిసిన బిడ్డ నాయనా. అప్పటికి నీ పక్షం పుట్టలేదు."

టల్లక్ నోరు మూసుకున్నాడు. నోరు తెరిచినవాడు మావాడే, నియల్. అతని ముఖం ఎర్రబడింది. "వదినా, ఆ నిప్పు తీసుకోకు. అది మనల్ని దాసులుగా ఉంచిన ఐగుప్తు నిప్పు. అందులోంచి బయటికొచ్చాం మనం. నిన్న వదిలిన గుడి చూరు కింద ఇవాళ దూరతావా? జనం ఏమంటారు?"

పేగీ అవ్వ దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "ఒరేయ్ పాటగాడా! నిప్పుకి ఏ సంఘంరా? నీ సంఘం నిప్పు ఉంటే పట్రా, దాని దగ్గరే కూర్చుంటా. లేదంటే దారి తప్పుకో. నా కాళ్ళు నా కంటే ముందే పరలోకం పోతున్నాయి."

మార్సలీ కదల్లేదు. పాదిరిగారి కళ్ళలోకి చూసి అడిగింది. "అయ్యా, మీ చూరు కింద ఉండి మీ గుడికి రాను. తెలుసుకునే పిలుస్తున్నారా?"

"అందుకేగా పిలిచింది. ఒక్క మాట మాత్రం ఉంది. ఆదివారం నా గేటు ముందునుంచే మీ ఇసుకకి వెళ్ళు. నా మొహం చూసి చుట్టుదారిన పోకు. అది నేను పడలేను."

ఆమె కుండ అందుకుంది. నలుగురు ఆడవాళ్ళం అవ్వ కుర్చీ ఎత్తాం. నియల్ మాతో రాలేదు. కానీ దించేసిన దూలాలు యూవన్ సొంతానివి, దొరవి కావు. సాయంత్రం చూస్తే అవి మాన్యం గోడ పక్కన చక్కగా పేర్చి ఉన్నాయి. ఎవరు మోశారని అడిగితే నియల్ దగ్గి ఊరుకున్నాడు.

ఆ గొర్రెల కొట్టంలో మార్సలీ ఏళ్ళ తరబడి ఉంది. పేగీ అవ్వ అక్కడే, వెచ్చగా, చివరి ఊపిరిదాకా మాట్లాడుతూ కన్నుమూసింది. బంగాళాదుంపలు నేలలోనే కుళ్ళిపోయిన ఆ పాడు ఏడు పాదిరిగారి ఓట్స్ పిండి ఆమె కుండలో ఉడికింది. ఆమె ఆవు పాలు ఆయన గిన్నెలో పోసింది. ఎవరు ఎవరికి పెట్టారో చెప్పడం కష్టం. ఆదివారాల్లో ఆమె గేటు ముందునుంచే ఇసుకకి వెళ్ళేది. ఆయన టోపీ తీసేవారు. ఆమె మోకాలు వంచేది. మంచు పడిన శనివారాల్లో గుడి దారి ఊడ్చేది. పెద్దలు అడిగితే, "ఊడ్చడం దారి పని, దూరడం మనసు పని. నేను గుమ్మం దాటలేదుగా" అంది. ఆ గుడికి వెళ్ళేది దివాను కుటుంబం, బడిపంతులు, గంట కొట్టేవాడు. జారిపడకుండా వెళ్ళనీ అని ఆమె ఉద్దేశం.

ఇంతలో మా సంగతి పార్లమెంటు దాకా పోయింది. స్కాట్లండ్‌లో జనం వానలో ఎందుకు ప్రార్థన చేస్తున్నారని లండన్ పెద్దలు విచారణ పెట్టారు. నలుగురి నోళ్ళల్లో పడేసరికి చాలామంది దొరలు మెత్తబడ్డారు, మా దొరా మెత్తబడ్డాడు. కొండవార ఒక రాళ్ళ బీడు ఇచ్చాడు. ఆడా మగా రాళ్ళు మోశాం. గుడి లేచింది. దాని పక్కనే, గుడి చూసుకునే మనిషి కోసం పొయ్యి ఉన్న ఒక గది కట్టాం. అది మార్సలీకేనని ఊరంతా అనుకుంది. ఆమె ఇల్లు పోగొట్టుకుంది మా బల్ల కోసం కదా!

నియలే కబురు తెచ్చాడు. అతనిప్పుడు సంఘం పెద్ద. "వదినా, గది తయారైంది. ఇక ఆ కొట్టం చాలు, వచ్చెయ్యి. పాదిరిగారు ముసలివారు. ఆయన పోయిన మర్నాడు కొత్త పాదిరి వచ్చి నిన్ను లేవమంటాడు. అప్పుడు ఎక్కడికి పోతావు?"

"వస్తాను నియల్. ఎందుకు రాను? మన చేతులతో కట్టుకున్న చూరు. కానీ ఒకటుంది."

"చెప్పు."

"ఈసారి ప్రభు భోజనం కొత్త గుడిలో. మర్నాడు సోమవారం కృతజ్ఞతల కూడిక. పొందిన మేళ్ళన్నీ పేరు పేరునా చెప్పి స్తుతిస్తారు. అందులో లాక్లన్ గారి పేరు చెప్పాలి. నువ్వే చెప్పాలి."

నియల్ కూర్చున్నవాడు లేచాడు. "అది ఎలా కుదురుతుంది? ఆయన మనల్ని వదిలేసినవాడు. పెద్దలు ఒప్పుకోరు. ఫర్కర్ గారు ఏమంటారో!"

"నేను ఆడదాన్ని, కూడికలో నోరు తెరవకూడదు. తెరవగలిగితే నిన్ను అడిగేదాన్ని కాదు. ఆయన పేరు చెప్పి దేవుణ్ణి స్తుతించలేని చూరు కింద నాకు నిద్ర పట్టదు. కోపం కాదు అబ్బాయ్. ఉన్నమాట. కొట్టంలోనే ఉంటాను."

"లేవమంటే?"

"లేస్తాను. లేవడం అలవాటే."

నియల్ వారాల తరబడి నలిగిపోయాడు. పెద్దలు ఒకరోజు కూర్చుని ఒద్దన్నారు, ఇంకోరోజు కూర్చుని చూద్దామన్నారు. ఫర్కర్ గారిని అడిగితే ఆయన చల్లగా, "ఆ మే నెల ఆ నిప్పు మనలో ఒక్కరు తేలేకపోయాం. నేనూ తేలేదు. ప్రార్థనలో అబద్ధం ఎంత పాపమో, దాచడమూ అంతే" అన్నారు. అయినా పేరు చెప్పమని నియల్‌ని ఆజ్ఞాపించలేదు. అది నీ మనసుకే వదిలేశానన్నారు.

సోమవారం వచ్చింది. గుడి కిక్కిరిసింది. బయట వాన కురుస్తోంది. వానని లోపలినుంచి వినడం మాకదే మొదటిసారి, సగంమంది అందుకే ఏడుస్తున్నారు. పెద్దలు ఒక్కొక్కరే లేచి మేళ్ళు చెప్పారు. ఇసుక ఇచ్చిన సముద్రానికి, రాళ్ళు మోసిన చేతులకి, మా పక్షాన మాట్లాడిన లండన్ పెద్దలకి. చివర నియల్ లేచాడు. మార్సలీ వెనక వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ప్రభువా," అన్నాడు నియల్. ఊరంతటినీ పాడించే ఆ గొంతు ఆ రోజు సన్నగా వచ్చింది. "మా వదినకి చూరు లేని రోజున మేమందరం చుట్టూ నిలబడ్డాం. నిలబడ్డానికి మించి మా చేత కాలేదు. నువ్వు లాక్లన్‌ని పంపావు. నేను ఆయన నిప్పుని పేరు పెట్టి తిట్టాను. ఆయన మాత్రం నేను దూలాలు మోస్తుంటే చూసి, గోడ పక్క చోటు చూపించి, ఎవరికీ చెప్పలేదు. నీ సేవకుడు లాక్లన్ కోసం నీకు స్తోత్రం. మేము లేచి వచ్చింది సరైనదే. ఆయన ఉండిపోవడం కూడా నువ్వు మా కోసమే చేశావేమో, నాకు తెలియదు."

ఎవరూ లేచి బయటికి పోలేదు. ముందు వరసలో ఒక ముసలి పెద్ద ఆమెన్ అన్నాడు. మిగతావాళ్ళూ అన్నారు, కొందరు గట్టిగా, కొందరు పెదాలతో.

కూడిక ముగిశాక మార్సలీ కొత్త గదికి వెళ్ళలేదు. తిన్నగా పాదిరిగారి ఇంటికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. ఆయన పొయ్యి పక్కన కూర్చుని ఓట్స్ రొట్టెని పాలల్లో నానబెట్టుకుంటున్నారు. పళ్ళు అప్పటికే పోయాయి. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన విని, చెంచా పక్కన పెట్టారు.

"నియల్ అన్నాడా?"

"నియలేనయ్యా."

"మీ కొత్త గుళ్ళో, నా పేరు?"

"అందరూ ఆమెన్ అన్నారు."

ఆయన కళ్ళు తుడుచుకుని అడిగారు. "మెల్లగా అన్నారా, గట్టిగానా?"

"కలిపి చూస్తే ఫర్వాలేదయ్యా."

"అది చాలు. ఆ ముసలి పెద్ద అన్నాడంటే ఇక నాకు దేనికీ లోటు లేదు." చెంచా మళ్ళీ అందుకున్నారు. "మరి నువ్వు ఎప్పుడు మారుతున్నావు గదికి?"

"రేపే. ఆవుని మాత్రం ఇక్కడే ఉంచనివ్వండి. అక్కడ గడ్డి లేదు."

"ఆవు ఏ సంఘం?"

"అది ఎక్కడ గడ్డి ఉంటే ఆ సంఘమయ్యా."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గుగా మారితే ఆమె వీపు నిమిరింది. ఆ తర్వాత ఆయన బతికిన ప్రతి ఉదయం ఆమె కొండవార నుంచి మాన్యానికి వచ్చి పాలు పితికి, ముందు ఆయన గిన్నె నింపి, అప్పుడు వచ్చి మా గుడి తలుపు తీసేది. తలుపు ఆలస్యమైందని మాలో ఎవరూ ఏనాడూ అనలేదు.